చింతగింజల లెక్క

జడ్చర్ల గోదాముల ఆదివారం ట్రైనింగు.
ఓటీ లేదు, బిర్యానీ ఉన్నదన్నరు.
అందరం వచ్చినం.

ఫ్యాను కింద నాలుగు బల్లలు కలిపి
మోజెస్ సారు సుద్దముక్కతో గీతలు గీసిండు:
ఇటు దుకాణం, దాని ఎనక డీలరు,
డీలరు ఎనక గోదాము,
కొసకు ఫ్యాక్టరీ.
సరుకంటే చింతగింజలు.
పట్నం నుంచి సంచిల మోసుకొచ్చిండు,
బాదేపల్లి అంగట్ల దొరకనట్టు.

దుకాణంల జంగమ్మ కూసుంది,
ప్యాకింగుల పదేండ్ల చెయ్యి.
డీలరు ఉస్మాన్, ఫోర్క్‌లిఫ్టు దిగొచ్చినా
చేతులింకా స్టీరింగు మీదున్నట్టే పెట్టిండు.
గోదాముల కుర్మయ్య.
ఫ్యాక్టరీ నేను, ఇండెంట్లు రాసే స్వరూప.

షరతు ఒక్కటే: మాట్లాడొద్దు.
చీటీ మీద అంకె రాసి ఎనకకు పంపాలె.
చీటీ చేరనీకి రెండు వారాలు,
సరుకు చేరనీకి ఇంకో రెండు.
వారమంటే సారు ఒక్క చప్పట్ కొట్టుడు.

నాలుగు. నాలుగు. నాలుగు. మల్ల నాలుగు.
నిద్రొచ్చే ఆట.
ఐదో చప్పట్‌కు జంగమ్మ కనుబొమ్మలు ముడేసింది.
ఏం చూసిందో నాకు తెల్వదు.
ఉస్మాన్ గొంతు సవరించుకున్నడు.
కుర్మయ్య రాసిన అంకె కొట్టేసి
దాని పక్కన పెద్దది రాసిండు.
నా దాక వచ్చేసరికి పదహారు.
తర్వాత ఇరవై నాలుగు.
తర్వాత నలభై.

నలభై అడిగిన మనిషికి నాలుగు పంపుతుంటే
చెవులు వేడెక్కినయ్.
ఆటనే అని తెలుసు, అయినా సిగ్గయింది.
మిషన్లు పెంచిన. రాత్రి షిఫ్టు పెట్టిన.
గింజలు దోసిళ్ళతో పోసిన.

అవి పోయి చేరేసరికి
చీటీల మీద సున్న.
సున్న.
బల్ల మీదికెల్లి గింజలు రాలి
ఉస్మాన్ బూట్ల సందున దొర్లినయ్.

"తప్పెవరిది?" అన్నడు సారు.
నేను కుర్మయ్యను చూసిన, కుర్మయ్య ఉస్మాన్‌ను,
ఉస్మాన్ జంగమ్మను,
జంగమ్మ గిరాకీని.
గిరాకీ అంటే ఓ పేకముక్కల కట్ట.
సారు దాన్ని తిప్పి పరిచిండు.
నాలుగు వారాలు నాలుగు,
ఐదో వారం నుంచి ఎనిమిది. ఆఖరు దాక ఎనిమిదే.
ఒక్కసారి పెరిగింది, గంతే.

ఎవ్వరం అబద్ధం ఆడలె.
ఉప్పు చాలదేమోనని
నలుగురు తలో చిటికెడు కూరల ఏసినట్టు
తలా ఇంత భయం కలిపినం.

సారు బోర్డు మీద ఇంగ్లీషుల దాని పేరు రాసి
కింద కొరడా బొమ్మ గీసిండు.
పిడికిలి కాడ ఇంత కదిలితే
కొసకు అంత దెబ్బ.

ఆ బొమ్మల నాకు మా నాయిన కనబడ్డడు.
యూరియా కోసం దేవరకద్ర సొసైటీ ముంగట
చెప్పులు లైన్ల పెట్టి,
చెప్పుల మీద రాయి పెట్టి,
రాయి కాడ నన్ను నిలబెట్టిన నాయిన.
ఎకరన్నర మక్కకు రెండు బస్తాలు చాలు.
మల్ల రావేమోనని ఐదు రాయించిండు.
ముంగటోడూ అంతే, ఎనకటోడూ అంతే.
మిగిలిన మూడు మంచం కింద
చెమ్మకు గడ్డకట్టి బండలైనయ్.
గొడ్డలి ఎనకభాగంతో పగలగొట్టినం.
ఆ యేడు లైను కొసకు ఎవరి చెప్పులున్నయో
ఇయ్యాల్టి దాక నాకు తోచలె.

బిర్యానీకి లేసేముందు జంగమ్మ చెయ్యెత్తింది.
"సారూ, ఎనిమిదే పోతున్నయ్ అని
నేను నోరు తెరిచి ఒక్క మాటంటే
అయిపోవు గద.
మాట్లాడొద్దన్నది ఎవరు?"

సారు నవ్విండు.
ఆట అట్లనే ఉంటదమ్మా అన్నడు.
మేనేజరు ఫోన్ల ఏదో చూసుకున్నడు.

సోమవారం.
ప్యాకింగుకూ నా బల్లకూ నడుమ అద్దం గోడ.
సూపర్‌వైజరు చీటీ పెట్టి పోయిండు:
అట్టపెట్టెలు, మూడు వేలు, అర్జెంటు.
రాయబోయి అటు దిక్కు చూసిన.
జంగమ్మ గ్లౌజులు తీసి
ఎనిమిది వేళ్ళు చూపింది.
ఎనిమిది వందలో, ఎనిమిది రోజులో,
పెదవులు ఆడుతున్నయ్, అద్దంల మాట వినబడదు.

పెన్ను పక్కకు పెట్టి
తలుపు కాడికి నడిచిన.